మేకుకు వేలాడిన బిళ్ల

పొర మీద గీత వచ్చింది. ల్యాబంతా చప్పట్లు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

జనగామలో మాది చిన్న ల్యాబ్. బ్యాక్టీరియా చేత ఒక ప్రోటీన్ తయారుచేయించి, దాని చివర గుర్తుగా చిన్న ట్యాగ్ తగిలించాం. ఆ ట్యాగ్‌ను మాత్రమే పట్టుకునే యాంటీబాడీ వేస్తే, ప్రోటీన్ ఉన్నచోట పొర మీద నల్లటి గీత కనబడాలి. కనబడింది. కాకపోతే, బరువు కొలతలో నలభై అయిదు కిలోడాల్టన్ల దగ్గర రావాల్సింది ఇరవై దగ్గర వచ్చింది.

“వచ్చింది గద సింధూ, రిపోర్టు మీద సంతకం పెట్టు. సాయంత్రానికి కంపెనీకి శాంపిల్ పోవాలె,” అన్నారు మా ల్యాబ్ హెడ్ రమాకాంత్ సార్.

“పెట్టను సార్. అది తెగిన ముక్క. ట్యాగ్ ఉన్నది గని పూర్తి ప్రోటీన్ లేదు.”

“నిన్ను పర్మినెంట్ చేసే కాగితం గూడ నా టేబుల్ మీదనే ఉన్నది, యాదుంచుకో.”

భయం వేయలేదంటే అబద్ధం. కానీ నాది భూపాలపల్లి. అమ్మానాన్నలను అవ్వ, బాపు అంటాం. బాపు గని కార్మికుడు. గనిలోంచి పైకి రాగానే ప్రతి మనిషీ తన నంబరు బిళ్లను మేకుకు తగిలించాలి. ఒకరోజు బాపు, “నాది గూడ తగిలియ్యి, ఎన్కనే వస్త,” అని తన బిళ్లను స్నేహితుడు రాంచందర్ చేతిలో పెట్టాడు. అతను దాన్ని తగిలించి ఇంటికి పోయాడు. ఆ వెంటనే లోపల కప్పు కూలింది. మేకుకు బిళ్ల వేలాడుతోంది కదా, బాపు ఇంటికి పోయాడనుకున్నారు. మూడు గంటలు ఎవరూ వెతకలేదు. చివరికి అవ్వ గేటు దగ్గరికి పోయి లొల్లి పెట్టింది.

“బిళ్ల నాకెందుకు? మనిషిని చూపియ్యుండ్రి!”

అప్పుడు గాని వెతకడానికి మనుషులు లోపలికి దిగలేదు. బాపు కాలు విరిగి, ప్రాణంతో దొరికాడు.

“ఒక్కరోజు ఇయ్యుండ్రి సార్,” అన్నాను. సార్ విసుక్కున్నారు గానీ ఇచ్చారు.

ప్రోటీన్‌ను ముక్కలు చేసే ఎంజైములను ఆపే మందు కలిపి, పనంతా మంచు మీదే చేశాను. ఈసారి ట్యాగ్‌ను పట్టే యాంటీబాడీతో పాటు, విడిగా మరో పొర మీద ప్రోటీన్‌నే పట్టుకునే యాంటీబాడీ కూడా వేశాను. మర్నాడు మధ్యాహ్నం రెండు పొరల మీదా ఒకేచోట, నలభై అయిదు దగ్గర, గీత.

సార్ రెండు పొరలనూ పక్కపక్కన పెట్టి చూశారు. “నిన్న పంపిస్తే ఇజ్జత్ పోతుండె,” అని, నా పర్మినెంట్ కాగితం మీద ముందు ఆయనే సంతకం పెట్టారు. తర్వాత రిపోర్టు మీద నేను పెట్టాను.

అవ్వకు ఫోన్ చేశాను. “మనిషిని చూసినంకనే సంతకం పెట్టిన అవ్వా.”

అవతల ముక్కు చీదిన చప్పుడు, బాపును గట్టిగా పిలిచిన గొంతు వినబడ్డాయి.