చిన్నదాని కాజాలు

దేవుడు ఎవర్ని ఏ కొలతకి కుట్టాడో ఆయనకే ఎరుక, మనం టేపు పట్టుకుని తిరగడమే. ఆ కుట్టుకొట్టులో రోజూ పొద్దున్నే పిన్ని దణ్ణం పెట్టుకుని మిషనుకి నూనె వేసేది, అక్క గుడ్డలు కత్తిరించేది, చిన్నది కింద కూర్చుని బొత్తాలకి కాజాలు కుట్టేది.

అక్క కూడా మొన్నమొన్నటిదాకా కాజాలు కుట్టినదే. ఒకరోజు ఉన్నట్టుండి తిండి మానేసి, కుట్టిన బట్టలు తగిలించే కడ్డీకి తలకిందులుగా వేలాడి, గొంగళిపురుగులా తన చుట్టూ గూడు కట్టేసుకుంది. బట్టల కోసం వచ్చిన ఒకావిడ అది తను కుట్టించుకున్న కోటు అనుకుని పట్టుకుపోబోయింది కూడా. గూడు చీల్చుకుని వచ్చిన అక్కకి రెక్కలున్నాయి. చొక్కా వీపు చించి, పిన్నీసులు పెట్టుకుని, పై అరలో తానులు నిచ్చెన లేకుండానే అందుకుంటోంది. గూడు దిగినవాళ్ళకే కత్తెర. అది ఆ ఇంటి కట్టు.

చిన్నదాని ప్రాణమంతా ఆ కత్తెర మీదే. దుప్పటి చుట్టుకుని కడ్డీకి వేలాడి చూసింది. చెమట పట్టింది తప్ప గూడు పట్టలేదు. అప్పుడప్పుడూ పాత చర్మం విడుస్తుంది, కాస్త పొడుగవుతుంది, అంతే.

"గూడు రానివాళ్ళూ ఉంటార్లేవే. కాజాలకీ మనుషులు కావాలిగా" అని అక్క నవ్వేది.

పైగా చొక్కా ఎన్నిసార్లు వదులు చేసినా వీపు దగ్గర బిగుసుకునేది. వంగి వంగి కుట్టి పిల్లకి గూని వస్తోందని పిన్ని బెంగ.

బేరాల్లేని ఒక మధ్యాహ్నం, ఆ బిగువేమిటో చూద్దామనిపించింది చిన్నదానికి. పిన్ని అట్టపెట్టెలో దాచిన తన పాత చర్మాలు తీసి, ఆది చొక్కా మీద కొత్తది పెట్టి చూస్తారు చూడండి, అలా ఒకదాని మీద ఒకటి పరిచింది. అన్నిటికీ వీపున రెండు మడతలు. మొదటిదాంట్లో గోరంత. తర్వాతిదాంట్లో ఇంకాస్త. ఈమధ్య విడిచినదాంట్లో అరచెయ్యంత.

"పిన్నీ, ఈ మడతలు నువ్వేసినవా?"

"బట్టకి వేస్తాగానీ చర్మానికి వేస్తానటే?" అంటూ పిన్ని కళ్ళజోడు పెట్టుకుంది. మడతల్ని ఒక్కొక్కటే వేలితో కొలిచింది. తర్వాత చిన్నదాని వీపు తడిమింది.

"నా మతి మండ, గూని అనుకున్నానే తల్లీ. మీ అక్క రెక్కలు లోపలెక్కడో దాచుకుని గూట్లో ఒక్కసారే విప్పింది. నువ్వు చిన్నప్పట్నించీ పైనే మోస్తున్నావు. నీది మిడత వాటం. మిడత ఎక్కడన్నా గూడు కడుతుందా?"

"అయితే నాకు గూడు రాదా?"

"రాదు. అక్కర్లేదు."

చిన్నది నిటారుగా నిలబడి ఊపిరి పీల్చింది. బిగుతు కుట్టు తెగినట్టు చప్పుడైంది. వీపు నడుమ చర్మం, దాంతోపాటు చొక్కా చీలి, తడితడిగా ముడతలు పడ్డ రెక్కలు బయటికొచ్చాయి. అక్క ఇస్త్రీపెట్టె తేబోతే పిన్ని వద్దంది, అవే ఆరతాయంది. ఈలోగా ఒకాయన వచ్చి తన ప్యాంటు ఏమైందని అడిగాడు. ఎప్పట్లాగే రేపిస్తామన్నారు.

సాయంత్రానికి రెక్కలు సాపయ్యాయి. అక్క కత్తెర తెచ్చి బల్లమీద పెట్టింది, పిడి చిన్నదాని వైపుండేలా. చిన్నది మొట్టమొదట కోసింది తన కొత్త చొక్కానే. వీపున రెండు చీలికలు కోసి, వాటి అంచుల చుట్టూ అలవాటైన చేత్తో దారం తిప్పింది. రెక్కలకి రెండు పెద్ద కాజాలు.

అక్క అటూ ఇటూ తిరిగి, తన పిన్నీసులు ఒక్కొక్కటే తీసింది.

"నాక్కూడా కుట్టవే" అంది, నవ్వకుండా.