రెండు గేట్ల మధ్య లారీ

రెండు ఊళ్ల చెత్తకూ ఒకటే యార్డు. ఖర్చు సగం సగం, పేరు సగం సగం, అనుమానం మాత్రం ఎవరిది వాళ్లకు నిండుగా ఉండేది. అందుకే దారికి రెండు గేట్లు పెట్టారు. బయటి గేటు తాళం కింది ఊరి మునిసిపాలిటీది, లోపలి గేటుది పై ఊరిది. మధ్యలో లారీని తూచే కాటా, అటూ ఇటూ ఎత్తైన ఇనుప కంచె. ఒకరికి తెలియకుండా ఇంకొకరు ఒక్క తట్ట కూడా ఎక్కువ పారబోయలేరు. ఈ ఏర్పాటు చేసినవాడి తెలివికి దండం పెట్టాలి.

ఆ రోజు కింది ఊరి డ్రైవరు కాటా మీద ఉండగా ఇద్దరు ఛైర్మన్లూ ఫోన్లో తగువు పెట్టుకున్నారు. తడీ పొడీ కలిపేసి పంపుతున్నారని పై ఊరి ఆయన. మీవాళ్లు విడదీసి ఏడ్చారా అని కింది ఊరి ఆయన. లోపలికి రానివ్వద్దని ఆయన, లోడుతో వెనక్కి రానివ్వద్దని ఈయన. రెండు గేట్లకూ తాళాలు పడి, తాళంచెవులు ఆఫీసులకు వెళ్లిపోయాయి. ఆంబోతులు కుమ్ముకుంటే లేగదూడ కాళ్లు విరిగినట్టయింది డ్రైవరు పని.

ఇంకో రోజైతే సీట్లో కాళ్లు బారజాపి గురక పెట్టేవాడే. కానీ ఇవాళ కూతురి పెళ్లి. మధ్యాహ్నం రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు. ఆ కుర్రాడు వద్దంటూ ఏడాదిగా భీష్మించుకు కూర్చున్న మనిషి నిన్ననే కరిగాడు. "సాక్షి సంతకం నేనే పెడతానమ్మా" అన్నాడు. ఒక్క లోడు దించేసి వెళదామనుకున్నాడు. ఇప్పుడు వెనకాల చెత్త ఎండకు ఉడుకుతోంది. కిటికీ తీస్తే కంపు, వేస్తే ఉక్క. కాటా చుట్టూ ఎన్నిసార్లు తిరిగినా అవే రెండు గేట్లు.

ఫోన్ చేశాడు.

"అమ్మలూ, గేట్లు వేసేశారే. ఇరుక్కుపోయాను."

"మళ్లీ గేటేనా నాన్నా?" అని పెట్టేసింది.

ఆ 'మళ్లీ' దగ్గర అతని ప్రాణం చివుక్కుమంది. పోయినేడు కుర్రాడి అమ్మానాన్నలు మాట్లాడుకుందామని ఇంటికొస్తే, ఈయనగారు యార్డుకొచ్చి, సెలవు రోజున మూసి ఉన్న ఇదే గేటుకు ఫొటో తీసి, లోపల ఇరుక్కున్నానని పంపాడు. వారం తిరక్కుండానే గుట్టు రట్టయింది.

అయినా ఏం చేస్తాడు? మళ్లీ గేటుకే ఫొటో తీసి పంపాడు. జవాబుగా పాత ఫొటో వచ్చింది. అదే గేటు, అవే పసుపు చారలు. ఇటునుంచి తీసినా అటునుంచి తీసినా గేటు గేటే. మనిషి ఎటువైపు ఉన్నాడో దాన్ని చూసి ఎవరూ చెప్పలేరు.

బయటి గేటు కాపలాదారుడు తనకంటే పెద్దవాడు. డ్రైవరు మళ్లీ ఫోన్ కలిపి, చువ్వల సందులోంచి అతని చేతిలో పెట్టాడు. "అన్నా, నువ్వన్నా చెప్పు."

"అమ్మాయ్, మీ నాన్న చెప్పేది నిజమేనమ్మా."

"టీ ఇప్పిస్తానన్నాడా పెదనాన్నా?" అని పెట్టేసింది ఆ పిల్ల.

డ్రైవరు కొత్త చొక్కా ఉన్న కవరును గేటు మీంచి బయటికి విసిరి, చువ్వ పట్టుకున్నాడు.

"తమ్ముడూ, వద్దురా! లోడుతో ఉన్న లారీని వదిలితే ఉద్యోగం ఊడుతుంది. రెండు ఊళ్లూ కొట్టుకోకుండా ఒప్పుకున్న రూలు అదొక్కటే."

"ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటానన్నా. కూతుర్ని ఎక్కడ వెతుక్కోను?"

ఎక్కాడు. పైకి చేరాక బొజ్జ అడ్డం పడింది, ప్యాంటు చువ్వ మొనకు తగులుకుంది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. దిగబోతే బట్ట పర్రుమంది. ముందుకూ లేదు, వెనక్కీ లేదు. కాపలాదారుడికి నవ్వు ఆగలేదు.

"నవ్వింది చాలు, ఫొటో తియ్యి!" అని అరిచాడు డ్రైవరు. "దానికి పంపు!"

"పరువు పోతుందిరా."

"పోనీ!"

పంపాడు. వెంటనే ఫోన్ మోగింది. కాపలాదారుడు స్పీకరు పెట్టి, చెయ్యి చాచి పైకెత్తాడు.

"నాన్నా!" ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "దూకకు, కాలు విరుగుతుంది. మేమే వస్తున్నాం."

"సంతకాల టైమైపోతుందే!"

"సాక్షి గేటు మీదుంటే సంతకాలేంటి? రేపు పెట్టుకుంటాం. గట్టిగా పట్టుకో."

పట్టుకున్నాడు. కళ్లు తుడుచుకుందామంటే రెండు చేతులూ ఖాళీ లేవు.