గుమ్మం వెలుతురు

రంగు విషయంలో నేను దీపాన్ని నమ్మను. నలభై ఏళ్లుగా బట్టల వ్యాపారం చేస్తున్నాను. దుకాణంలో బల్బు కింద మెరూన్ అనుకున్నది ఇంటికి వెళ్లేసరికి మట్టిరంగు అవుతుంది, తిట్లు మాత్రం నాకు పడతాయి. అందుకే ఎవరు ఏ గుడ్డ ఎంచుకున్నా ముందు గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి పగటి వెలుతురులో చూపిస్తాను. కత్తెర పడ్డాక గుడ్డ వెనక్కి రాదు.

బల్ల నుంచి గుమ్మానికి మూడు అడుగులు. మూడో అడుగు దగ్గర ఒక్కోసారి చేతిలోని గుడ్డ తాను బరువెక్కుతుంది. మూడు కిలోల కన్నా కాస్త తక్కువ బరువు. గుడ్డ బరువు నాకు తెలుసు, అది గుడ్డది కాదు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే దుకాణానికి ఎవడూ రాడు.

నేను చెప్పబోయే రోజుకు, మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టి నాలుగో రోజు. రెండో రోజే ఆసుపత్రి నుంచి మా ఇంటికి తీసుకొచ్చాం. మా అమ్మాయే మాకు మొదటి బిడ్డ అని అందరూ అనుకుంటారు, తను కూడా. కాదని తెలిసినవాళ్లం ఇద్దరమే మిగిలాం, నేనూ మా ఆవిడా.

మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి మా ఆవిడ పెదవుల మీద వేలు పెట్టుకుని ఎదురొచ్చింది.

"చప్పుడు చెయ్యకండి, పడుకుంది. పొద్దున్నుంచీ ఒకటే నిద్ర. ఎంత బుద్ధిమంతురాలో! దీని అమ్మయితే వీధి వీధంతా లేపేది."

"పాలు తాగిందా?"

"రెండు గుక్కలు తాగి కళ్లు మూసేసింది. బంగారు తల్లి, అసలు ఇంట్లో పసిపిల్ల ఉన్నట్టే లేదు."

చెప్పులు విప్పుతున్నవాణ్ని అలాగే ఆగిపోయాను. ఇంట్లో పసిపిల్ల ఉన్నట్టే లేదు. సరిగ్గా ఈ మాటే, ఇంతే మురిపెంగా, మా మొదటి బిడ్డను చూసి మా అమ్మ అంది. అన్న మర్నాటికి నిజంగానే లేదు. ఏ వంకా కనిపించని సరుకును రెండుసార్లు తిప్పి చూడమని వ్యాపారం నాకు ఆ తరవాత నేర్పింది.

పెరట్లోకి వెళ్లి తీగ చూశాను. నిన్న ఈ వేళకు ఆరు పొత్తిగుడ్డలు ఆరుతున్నాయి. ఇవాళ రెండే. అందులో ఒకదాని మీద ముదురు పసుపు మరక ఉతికినా పోలేదు.

ఇంటింటికీ తిరిగి పసిబిడ్డల్ని చూసే నర్సమ్మ రెండింటికి వచ్చింది. సంచిలో ఎప్పుడూ త్రాసు ఉంటుంది కాబట్టి చుట్టుపక్కల అందరూ ఆవిణ్ణి తూకం నర్సమ్మ అంటారు.

"ఏం బాబాయ్ గారూ, మనవరాలి గౌనుకు కొలతలు తీసేశారా?"

"ముందు నువ్వు తూకం వెయ్యమ్మా."

చేతులు కడుక్కుని, రెండు అరచేతులూ రుద్ది వెచ్చబెట్టుకుని అప్పుడు ముట్టుకుంది. బొడ్డు చూసింది. చంకలో జ్వరం చూసింది. గడియారం పట్టుకుని నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టింది. గుడ్డలన్నీ విప్పి తూచింది. పుట్టినప్పుడు మూడు కిలోలు. ఇప్పుడు రెండు కిలోల ఆరువందల యాభై గ్రాములు.

"మొదట్లో కాస్త తగ్గడం మామూలేనమ్మా. కానీ ఇంత తగ్గకూడదు" అంది మా అమ్మాయితో.

అరికాలు వేలితో మీటింది. పిల్ల మొహం చిట్లించి, ఏడవకుండానే మళ్లీ నిద్రలోకి జారిపోయింది. నోట్లో వేలు పెడితే రెండుసార్లు చప్పరించి వదిలేసింది. నర్సమ్మ నుదుటి మీద నొక్కి, వేలు తీసి, వంగి చూసింది.

"రంగు మాత్రం బాగానే ఉన్నట్టుంది, గులాబీలా."

"అది పిల్ల రంగు కాదు, పక్కింటి గోడ రంగు" అన్నాను.

ఆ గదికి ఒక్కటే కిటికీ. దాని ఎదురుగా పక్కింటి ఎర్రగోడ. దాని మీద పడిన ఎండే గదిలోకి వస్తుంది. ఆ గదిలో ఏది చూసినా ఆరోగ్యంగానే ఉంటుంది. ముప్ఫై ఒక్క ఏళ్ల కిందటా అదే గది, అదే గోడ.

నర్సమ్మ కిటికీ వైపు చూసి తలూపింది. "నిజమే. పెరటి తలుపు తీయండి, వెలుతురులో చూద్దాం."

మా ఆవిడ వెళ్లి తలుపుకు అడ్డంగా నిలబడింది.

"నాలుగు రోజుల పిల్ల. గాలి తగులుతుంది. వీల్లేదు."

"ఒక్క నిమిషమే పిన్నిగారూ, వెచ్చగా కప్పే తీసుకెళ్దాం."

"నాకు చెప్పకు. ఒకసారి పోగొట్టుకున్నదాన్ని."

"ఎవర్ని పోగొట్టుకున్నావమ్మా?" అంది మంచం మీద నుంచి మా అమ్మాయి.

నేను పిల్లను దుప్పటిలో చుట్టి ఎత్తుకున్నాను. ఆ బరువు నాకు కొత్త కాదు. రెండు అడుగులు వేశాను. మూడో అడుగు పడాల్సిన చోట మా ఆవిడ ఉంది.

"ఆ రోజూ నాకు అనుమానం వచ్చింది" అన్నాను. "ఇలాగే ఎత్తుకున్నాను. నువ్వు నిద్రలో ఉన్నావు. ఇక్కడిదాకా వచ్చాను. గాలి తగులుతుందని మా అమ్మ కసిరింది. దుకాణం తెరిచే వేళయింది. సరేలే అని మళ్లీ నీ పక్కన పడుకోబెట్టి వెళ్లిపోయాను."

"నాకు చెప్పలేదు మీరు."

"చెప్పలేదు."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. వెనక్కి తిరిగి గడియ తనే తీసింది.

గుమ్మంలో తెల్లటి వెలుతురు పిల్ల మీద పడింది. నర్సమ్మ నుదురు నొక్కింది, రొమ్ము, పొట్ట, కాలి పిక్క, చివరికి అరికాలు. వేలు తీసిన ప్రతిచోటా, నెత్తురు తిరిగి వచ్చేలోగా, పసుపు. అంచు దాకా రంగు ఎక్కిన తానులా.

"బండి పిలవండి. పచ్చకామెర్లు. పెద్దాసుపత్రికి, ఇప్పుడే" అంది నర్సమ్మ. బాబాయ్ గారూ అనలేదు.

నెత్తురు పరీక్ష చేశారు. కళ్లకు గంతలు కట్టి నీలం దీపాల కింద పడుకోబెట్టారు. తల్లి పాలు పిండి తెస్తే గొట్టంతో పట్టారు. ఆ నీలం వెలుతురులో పిల్ల ఏ రంగులో ఉందో నాలాంటివాడికి కూడా తెలియలేదు. మూడో రోజు ఏడుపు లంకించుకుంది.

"తాతగారూ, మీ మనవరాలికి మైకు అక్కర్లేదు" అంది అక్కడి నర్సు.

ఆ మూడు రోజులూ మా ఆవిడ నాతో మాట్లాడలేదు. ఇంటికి పంపే రోజున పిల్లను ఎత్తుకుని కిటికీ దగ్గర నిలబడి, దాని వేళ్లు ఒక్కొక్కటే విప్పి చూస్తూ, నా వైపు తిరక్కుండానే అడిగింది.

"మన మొదటిది ఏ రంగులో ఉండేది?"

అమ్మిన ప్రతి గుడ్డ రంగూ చెప్పగలను నేను.

"చూడలేదు" అన్నాను.

ఇక ఆ బరువు రాదనుకుని మర్నాడు దుకాణం తెరిచాను. మొదటి తానుకే, మూడో అడుగులోనే వచ్చింది. ఈమధ్య గుమ్మంలో కాస్త ఎక్కువసేపు నిలబడుతున్నాను. గుడ్డ రంగు చూస్తున్నాననుకుంటారు కొనేవాళ్లు.