గంటన్నర తేడా

మహేశ్వరి గోరుచిక్కుడు ఈనెలు తీస్తుంటే హాల్లోంచి మొగుడు శ్రవణ్‌కుమార్ గొంతు వినిపించింది.

"అమ్మా, పదింటికి ఎక్కుతం, పన్నెండు ఇరవైకి దుబాయ్‌ల దిగుతం. రెండు గంటల ఇరవై నిమిషాలే! తిండి ఫికరే లేదు."

వచ్చే నెల బేగంబజార్ స్టీలు వర్తకులు కలిసి వెళ్లే టూరు అది. అక్కడే దుకాణం ఉన్న శ్రవణ్‌కుమార్ తన తల్లి రుక్మిణమ్మను తీసుకెళ్తున్నాడు. ఇల్లు చూసుకోవడానికి మహేశ్వరి ఉండనే ఉంది.

"నాలుగు గంటలు పడ్తది," అంది వంటింట్లోంచి. "ఆడ గడియారం మనకంటె గంటన్నర ఎనుక. అత్తమ్మకు షుగరు కదా, తినెటందుకు ఏమన్న పెట్టుకోండ్రి."

"ఇన్నవా అమ్మా? ఇమానం ఎక్కనామె మనకు చెప్తున్నది!"

ఇద్దరూ నవ్వారు.

ఎక్కని మాట నిజమే. కానీ పెళ్లికి ముందు నాలుగేళ్లు శాలిబండలో ఒక టికెట్ల ఆఫీసులో పనిచేసింది. గల్ఫ్‌కు వంటపనికి పోయే ఆడవాళ్లు బల్ల అంచు పట్టుకుని "ఎంతసేపు కూసోవాలమ్మా?" అని అడిగేవాళ్లు. మధ్యాహ్నం ఎవరూ రాని వేళ పక్క సీటు ప్రీతి టిఫిన్ డబ్బా మూత తీస్తూ "దోహా నుంచి ఆక్లాండ్?" అనేది. మహేశ్వరి కళ్లు మూసుకునేది. "పద్నాలుగు వేల అయిదు వందల కిలోమీటర్లు. పోయేటప్పుడు పదహారు గంటలు. వచ్చేటప్పుడు పదిహేడున్నర. గాలి ఎదురుంటది." ఆ రెండు ఊళ్లలో దేనికీ పోవాలని ఇద్దరికీ లేదు. ప్రీతి అడిగి, జవాబు కోసం ఆగేది. ఆ ఆగడంలోనే ఉండేది సంతోషమంతా. ఆ కాసేపు తను ఒక మనిషినని మహేశ్వరికి తెలిసేది. ఈ ఇంట్లో ఎనిమిదేళ్లుగా ఆమె నోరు తెరిచేలోపే మాట వేరే గదిలోకి వెళ్లిపోతోంది.

గౌలిపుర మెయిన్‌రోడ్డు మీద సొంత టికెట్ల ఆఫీసు తెరిచానని, పనికి రమ్మని నిన్న ప్రీతి ఫోన్ చేసింది. పదింటి నుంచి మూడింటి దాకా పని. ఇవాళ చెప్పకపోతే వేరేవాళ్లను పెట్టుకుంటుంది. "ఒంటిగంటకు అమ్మకు అన్నం ఎవలు పెడ్తరు?" అన్నాడు శ్రవణ్‌కుమార్ ఆ సంగతి చెప్తే, పేపరు తిప్పుతూ. రానని ప్రీతికి చెప్పడానికి పొద్దుటి నుంచీ మాటలు కూడగట్టుకుంటోంది మహేశ్వరి.

హాల్లో ఫోన్ మోగింది. టూరుకు వచ్చే తోటి వర్తకుడితో శ్రవణ్‌కుమార్ మాట్లాడుతున్నాడు.

"వైకుంఠమన్నా, రెండు గంటలు కాదే, నాలుగు! ఆడ గడియారం గంటన్నర ఎన్కకుంటది. ఎవలో చెప్పుడేంది, నేనే లెక్క తీసిన. షుగరోళ్లను తిండి పట్టుకొమ్మను."

మహేశ్వరి చేయి ఆగిపోయింది. కోపం రాలేదు. తన మాట ఆయనకు వినపడదనుకుంది ఇన్నేళ్లూ. వినపడుతూనే ఉంది.

చేతులు కడుక్కుని ప్రీతికి ఫోన్ చేసింది.

"రేపు పదింటికి వస్తున్న."

"మీ ఆయన ఏమన్నడే?"

"వస్తున్ననని ఇంకా చెప్పలే. గిప్పుడు చెప్పబోతున్న."

హాల్లోకి వెళ్లి శ్రవణ్‌కుమార్‌కు ఎదురుగా కుర్చీలో కూర్చుంది.

"దుకాణం నుంచి మనింటికి అయిదు కిలోమీటర్లు. బండి మీద ఇరవై అయిదు నిమిషాలు. రేపటి సంది మీరు పన్నెండున్నరకు బయల్దేరితే, అత్తమ్మకు టైముకే అన్నం పెట్టొచ్చు."