ఏడున్నర కుర్చీలు

హాల్లో వేసిన వంద కుర్చీల్లో ఏడున్నర ఖాళీగా ఉన్నాయి. వకుళ మళ్ళీ లెక్కపెడుతుంది. మళ్ళీ అంతే వస్తుంది.

ఏటా ఇదే పని. హోల్ లైఫ్ పాలసీ తీసుకున్నవాళ్ళలో వందమందిని బీమా ఆఫీసుకి పిలిచి కూర్చోబెడతారు. ప్రీమియం కట్టడం మానేసినవాళ్ళు కూర్చున్నా కనపడరు. వకుళ టేపు పట్టుకుని ఖాళీ కొలుస్తుంది. ఎంత ఖాళీ ఉంటే అంత లాప్స్, అంటే అన్ని పాలసీలు ఆగిపోయినట్టు లెక్క. పదకొండేళ్ళుగా కొలుస్తోంది, ఒక్క ఏడూ సగం రాలేదు.

నలభై ఒకటో కుర్చీలో మనిషి నడుము దాకానే ఉన్నాడు. నడుము కింద కుర్చీ అల్లిక కనపడుతోంది. ఆ మనిషి ఎవరో కాదు, ఆమె మొగుడు గవర్రాజు.

"ఇదేం పనండీ?" అంటుంది వకుళ. గొంతు తగ్గించే అంటుంది గానీ, ఒళ్ళు మండిపోతోంది.

"ఆర్నెల్లు కట్టానే," అంటాడు గవర్రాజు మీసం సవరించుకుంటూ. "బతికినన్నాళ్ళూ కట్టాలంట, పోయాకే వస్తాయంట. నేను చూడని డబ్బుకి నేనెందుకు కట్టాలి, చెప్పు?"

"చూడ్డానికి నేనున్నానుగా!"

"అదే మరి. నువ్వే కట్టాల్సింది."

ఈ మనిషితో వాదించి ఎవరు గెలిచారు గనక! పొద్దున ఆ కాళ్ళతోనే సైకిలు తొక్కుకుంటూ లేత్ షాపుకి వెళ్ళాడు. వకుళకి ఏడుపొస్తుంది. దిగమింగుతుంది.

నాలుగు కావడానికి పది నిమిషాలుంది. నాలుగింటికి సూపరింటెండెంటు పేరయ్యగారు రిపోర్టు రాసేస్తారు. ఆయన చెడ్డవాడేం కాదు, పాపం. ఖాళీ కుర్చీలకి కూడా నమస్కారం పెట్టుకుంటూ వస్తున్నారు.

"పై ఆఫీసు సగాలు తీసుకోదమ్మా," అంటారు. "సగం గానీ, అంతకు మించి గానీ ఖాళీ ఉంటే మొత్తం ఖాళీ కింద రాస్తాం. సగానికి తగ్గితే వదిలేస్తాం. మీ ఆయనది సరిగ్గా సగం. ఎనిమిది వేసేస్తున్నా."

"వేస్తే ఏమవుతుందండీ?"

"ఉన్న సగం కూడా మాయమై లెక్క సర్దుకుంటుంది."

గవర్రాజు నవ్వబోతాడు. నవ్వు రాదు. "వకుళా, ఇంటికెళ్ళిపోదామే," అంటాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను ఆమెని పేరు పెట్టి పిలవడం ఇదే మొదలు.

వకుళ టేపు పెట్టి కొలుస్తుంది. సగం. వదులుగా పట్టి కొలుస్తుంది, లాగిపట్టి కొలుస్తుంది. వెంట్రుకవాసి కూడా తేడా లేదు. ఇంకా మూడు నిమిషాలే ఉంది. పేరయ్యగారు కలం మూత తీస్తున్నారు.

"ఆగండి! నా పాలసీ ఉందిగా, ఒక్క కిస్తీ కూడా తప్పలేదు. నాలోంచి ఓ బెత్తెడు ఆయనకి వేయండి."

"ఎక్కణ్ణుంచి తీయమంటావమ్మా?"

"కిందనుంచి."

పేరయ్యగారు వంగి, ఆమె మడమ దగ్గర టేపు ఆనించి, బెత్తెడు పైన గోటితో గీస్తారు. నొప్పేమీ ఉండదు. మెట్టెలు గచ్చు మీద పడి దొర్లుతాయి. అటు గవర్రాజు నడుము బెత్తెడు కిందికి సాగుతుంది. పేరయ్యగారు ఏడు వేస్తారు. సిరా ఆరేసరికి చెప్పులతో సహా రెండు కాళ్ళూ వచ్చేస్తాయి.

"మరి నాది?" అంటుంది వకుళ.

"సగానికి తక్కువేగా. ఎక్కడా రాయక్కర్లేదు."

గవర్రాజు మెట్టెలు ఏరి ఆమె చేతిలో పెడతాడు. వకుళ వాటిని కొంగున ముడి వేసుకుంటుంది. చీలమండల కింద ఏమీ లేకపోయినా నడక బాగానే సాగుతోంది.

"పద పద, పొద్దుపోయింది. వెళ్ళగానే కాస్త టీ పెడుదువుగాని," అంటూ గవర్రాజు ముందు నడుస్తాడు.

గేటు దగ్గర జామకాయలమ్మే మాణిక్యం వకుళని చెయ్యూపి దగ్గరికి పిలుస్తుంది. "కుచ్చిళ్ళు కాస్త దించుకోమ్మా," అంటుంది గుసగుసగా. "ఖాళీ కనపడతంది."

వకుళ గోడవైపు తిరిగి, చీర అంచు నేలకి ఆనేదాకా కుచ్చిళ్ళు దించుకుంటుంది. తలెత్తి చూస్తే బజారు నిండా ఆడవాళ్ళే. ప్రతి కొంగుకీ ఒక చిన్న ముడి ఉంది. అందరి చీర అంచులూ నేలని రాసుకుంటూ పోతున్నాయి. చెప్పుల చప్పుడు మాత్రం ఒక్క గవర్రాజుదే వినపడుతోంది.