తప్పే లేని వాయింపు

శనివారం సాయంత్రం నాలుగింటికి లైబ్రరీ పై అంతస్తు హాల్లో జరిగే ఘోరానికి "అందరి డోలు" అని పేరు పెట్టారు. కింద మెట్ల దగ్గర గోడకి కాగితం కూడా అంటించారు. ఎవరైనా రావచ్చు, ఎవరైనా వాయించవచ్చు, ఇదివరకు డోలు ముట్టుకోకపోయినా పరవాలేదు. ఆ చివరి ముక్క చదివినప్పుడల్లా మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కేది. ముట్టుకోకపోయినా పరవాలేదట. ఈ తమాషా నడిపేది పక్కవీధి పళ్ల డాక్టరమ్మ. పళ్లు పీకడం రాకపోయినా పరవాలేదు, రండి, తలా ఒక పన్ను పీకుదాం అని ఆవిడ తన క్లినిక్ ముందు కాగితం అంటిస్తుందా?

మాస్టారు ముప్పై ఎనిమిదేళ్లు పెద్ద వాద్యబృందంలో డోలు వాయించి రిటైరయ్యారు. నడుస్తూ లెక్క, అన్నం కలుపుతూ లెక్క, ఎవరైనా మాట్లాడుతుంటే వాళ్ల మాటల్లో లెక్క. ఎదుటివాడు పలకరించినా నాలుగో అంకె దాటాకే జవాబు చెప్పేవారు. వీధిలో వాళ్లు ఆయన్ని లెక్కల మాస్టారు అంటారు. కొత్తగా వచ్చినవాళ్లు నిజమేననుకుని పిల్లల్ని ట్యూషన్‌కి తీసుకొచ్చిన సందర్భాలున్నాయి.

ఆయన దగ్గర డోలు నేర్చుకోవడమంటే ఆషామాషీ కాదు. మొదటి ఏడాది నోటితోనే. ప్రతి దెబ్బా పలకాలి, చేతులు ఒళ్లో పెట్టుకోవాలి. ఆ తర్వాత రెండేళ్లు చెక్క. మోకాళ్ల మీద జానెడు చెక్క పెట్టుకుని దాని మీద వేళ్లతో వాయించాలి. తోలు మంచిది కాదని కాదు, తోలుకి దయ ఎక్కువ. గుమ్మని మోగి సగం తప్పుల్ని కడుపులో దాచుకుంటుంది. చెక్కకి ఆ మొహమాటం లేదు. మూడేళ్లూ గడిచాక, మాస్టారికి మనసు కుదిరితే, డోలు ముందుకొస్తుంది. నలభై మందికి పైగా వచ్చారు. నోటి ఏడాదిలోనే ముప్పై మంది చల్లగా జారుకున్నారు. మిగిలినవాళ్లకి చెక్క మొహం మొత్తింది.

ఇప్పుడు ఉన్నది ఒక్కడు, బస్సు డ్రైవరు. నలభై దాటిన మనిషి, నోట్లో నాలుక లేనివాడు. పొద్దున్న ఆరింటికి యూనిఫారంలో వచ్చి, గంటసేపు చెక్క వాయించి, ఏడుంపావుకి డ్యూటీ ఎక్కేవాడు. మాస్టారికి ఆయన గురువు నుంచి వచ్చిన పాఠాలు నూట పన్నెండు. కాగితం మీద ఎక్కడా లేవు. మాస్టారి నోట్లో ఉన్నాయి, డ్రైవరు నోట్లో ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. డ్రైవరు మానేస్తే అవి మాస్టారితో పాటే పోతాయి. ఈ సంగతి మాస్టారికి రోజూ గుర్తొచ్చేది, గుర్తొచ్చినప్పుడల్లా డ్రైవరు మీద ఇంకాస్త కసురుకునేవారు.

ఇంట్లో ఆయనా, మూడేళ్లు పెద్దదైన అక్కా ఉంటారు. అక్క ఆసుపత్రిలో నర్సుగా చేసి మానేసింది. ఆవిడ ఇన్నేళ్ల జీవితంలో డోలు వైపు కన్నెత్తి చూడలేదు, పోయిన నెల నుంచి మాత్రం ఆ హాలుకి వెళ్లి ప్లాస్టిక్ బకెట్ బోర్లించి బాదుతోంది. ఆ విషయం తెలిసిన రోజు మాస్టారు అన్నం తినలేదు.

ఒక ఆదివారం పొద్దున్న ఆవిడ చిక్కుళ్లు ఈనెలు తీస్తూ, "నీ శిష్యుడు వచ్చాడురా నిన్న," అంది.

"ఎక్కడికి?"

"మా దగ్గరికే. డోలు తీసుకుని కూర్చున్నాడు. నీలాగే మొహం గంటు పెట్టుకుని వాయిస్తాడు కానీ, బాగానే వాయిస్తాడు."

"బాగుందో బాగోలేదో నీకేం తెలుసే?"

"నాకేం తెలీదు. అందుకే అక్కడికి వెళ్తున్నాను."

మాస్టారు లేచి వెళ్లి, ఎప్పుడూ సరిగానే ఉండే గోడ గడియారాన్ని సరిచేశారు.

ఆ వారమంతా డ్రైవరు నోటి నుంచి ఒక్క మాట వస్తుందేమోనని చూశారు. డ్రైవరు ఆరింటికి వచ్చాడు, చెక్క వాయించాడు, ఏడుంపావుకి వెళ్లాడు. సోమవారం నుంచి శుక్రవారం దాకా అంతే. దొంగ, అనుకున్నారు మాస్టారు. అయిదు రోజులు ఎదురుగా కూర్చుని కిమ్మనలేదు. శనివారం మూడున్నరకి చొక్కా మార్చుకుని బయల్దేరారు. వాడు అక్కడ కూర్చుని ఉండగా, అక్కడున్నది సంగీతం కాదని వాడి కళ్లముందే తేల్చిపారేయాలన్నది ఆయన పంతం.

హాల్లో ముప్పై కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. మధ్యలో నేల మీద డోళ్లు, డబ్బాలు, బకెట్లు, గిలక్కాయలు. ఇళ్లస్థలాలు అమ్మే బ్రోకరొకాయన డోలుని తొడల మధ్య ఇరికించుకుని, కోడిని కోయబోతున్నట్టు పట్టుకున్నాడు. ఒక లావుపాటి ఆవిడ చెప్పులు విప్పి కళ్లు మూసుకుని ముందే ఊగుతోంది, ఇంకా ఎవరూ ఏమీ వాయించలేదు. కాలేజీ పిల్లలు ఇద్దరు ఒకే డబ్బాని చెరోవైపు నుంచి లాక్కుంటున్నారు. అక్క బకెట్ ముందు కూర్చుని, తమ్ముణ్ణి చూసి, చూడనట్టు బకెట్ తుడుచుకుంది.

పళ్ల డాక్టరమ్మ రెండు చేతులూ చాపి ఎదురొచ్చింది. "రండి మాస్టారూ, మీలాంటివాళ్లు రావడం మా అదృష్టం. మొహమాటపడకండి. ఇక్కడ తప్పు అనేదే లేదు."

"ఒప్పంటూ ఉంటే కదండీ తప్పు ఉండేది," అన్నారు మాస్టారు.

ఆవిడకది పొగడ్తలా వినిపించినట్టుంది. ఎంతో సంతోషించి ఆయన చేతిలో ఒక గిలక్కాయ పెట్టింది. ముప్పై ఎనిమిదేళ్ల అనుభవానికి గిలక్కాయ. మాస్టారు దాన్ని పక్క కుర్చీలో పెట్టి, నేల మీంచి ఒక డోలు ఎంచుకుని, తాళ్లు బిగించి, రెండు వైపులా వేళ్లతో తట్టి చూశారు. తోలు పరవాలేదు. పాపం, దాని తప్పేముంది.

తల ఎత్తేసరికి ఎదురుగా డ్రైవరు. యూనిఫారంలోనే ఉన్నాడు, డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టున్నాడు. మాస్టారిని చూడగానే వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. లేచి వెళ్లిపోతాడనుకున్నారు. వెళ్లలేదు. ఒళ్లో ఉన్న డోలు కింద పెట్టనూ లేదు.

డాక్టరమ్మ చేతులెత్తి, నాలుగు లెక్కపెట్టి మొదలుపెట్టించింది. ఇక చూడాలి. పాతికమందికి పైగా మనుషులు, ఒకటి రెండు మూడు నాలుగు అనే లెక్క, అందులో ఏ ఇద్దరికీ ఒకటి ఒకచోట లేదు. బ్రోకరుగారు మూడు దగ్గర ఆయాసపడి నాలుగు ఎగ్గొడుతున్నాడు. ఊగే ఆవిడ మనసుకి తోచినప్పుడు ఒక దెబ్బ వేసి, దానికి తనే మురిసిపోతోంది. రైలు పట్టాల పక్క రేకుల షెడ్డులో గిన్నెలు దొర్లినట్టుంది. అందరి మొహాలూ మాత్రం వెలిగిపోతున్నాయి. ఆ వెలుగు చూసి మాస్టారికి ఒళ్లు మండింది. ఇంత చెడగొట్టి ఇంత ఆనందపడే హక్కు వీళ్లకెవరిచ్చారు?

ఆయన రెండు చుట్లు ఊరుకున్నారు. తర్వాత ఏడు దెబ్బల లెక్క మొదలుపెట్టారు. తకిట తకధిమి, తకిట తకధిమి. నాలుగు మీద ఏడు పడితే చేతకానివాడి బండి బోల్తా పడాల్సిందే. వాద్యబృందంలో కుర్రకారుని ఏడిపించడానికి ఎన్నోసార్లు వేసిన ఎత్తు అది, ఎప్పుడూ బెడిసికొట్టలేదు. ఒక్క నిమిషంలో అందరూ ఆగి తెల్లమొహాలు వేస్తారు. అప్పుడు తను డోలు పక్కన పెట్టి, డ్రైవరు వంక ఒక్క చూపు చూసి, ఏమీ అనకుండా మెట్లు దిగి వెళ్లిపోతారు. దారి పొడుగునా అనుకున్నది ఇదే.

ఎవరూ ఆగలేదు. బోల్తా పడాలంటే ముందు బండి చక్రాల మీద ఉండాలి కదా. బ్రోకరుగారు పరమానందంగా తలూపాడు. "కొత్తది వచ్చింది, అందరూ పట్టుకోండి," అని కేకవేసింది డాక్టరమ్మ. అందరూ పట్టుకున్నారు. ఏడుని ఆరు చేసినవాళ్లున్నారు, తొమ్మిది చేసినవాళ్లున్నారు. అక్క బకెట్ మీద అయిదు వేస్తూ, ఎంత బాగా కలిసిపోయామో చూడు అన్నట్టు తమ్ముడి వంక చూసి కళ్లెగరేసింది. వాళ్లని చెడగొట్టడానికి వచ్చిన మనిషిని పిలిచి పీట వేసి, ఆయన వలని దుప్పటిలా కప్పుకున్నారు. మాస్టారికి ఏం చెయ్యాలో పాలుపోలేదు.

అప్పుడు ఆ గోలలోంచి జవాబు వచ్చింది.

ఏడుకి ఏడుతో, ఎదురు నుంచి. మాస్టారు అడిగినదానికి సరిగ్గా అడిగినంతే. అది ఎనభై మూడో పాఠం. ఆయన నోటితో చెప్పిందే తప్ప, ఆ శిష్యుడికి ఏనాడూ వాయించి చూపించింది కాదు. డ్రైవరు తల వంచుకుని వాయిస్తున్నాడు. ప్రతి దెబ్బా కడిగిన ముత్యంలా విడివిడిగా, చుట్టూ ఉన్న చెత్తలో దేన్నీ అంటించుకోకుండా వస్తోంది. నాలుగేళ్లుగా రోజూ ఎదురుగా కూర్చున్న ఆ చెయ్యి తోలు మీద ఎలా మోగుతుందో మాస్టారు వినడం అదే మొదటిసారి. గర్వంతో ఆయన గుండె నిండిపోయింది. వెంటనే కుళ్లు పుట్టింది. తన చెయ్యి, దాని మంచి రోజుల్లో కూడా, ఇంత శుభ్రంగా మోగలేదు.

ఇంకో ప్రశ్న వేశారు. జవాబు వచ్చింది. ఇంకొకటి కష్టమైనది వేశారు. దానికీ వచ్చింది. పంతం మరిచిపోయి వేగం పెంచారు. నాలుగో చుట్టులో ఎడమ చేతి ఉంగరం వేలు వణికింది, పడాల్సిన దెబ్బ పడలేదు.

ఏడాదిన్నరగా ఆ వేలు అంతే. ఆయన ఎవరికీ చెప్పలేదు, నర్సు చేసిన అక్కకి కూడా. చెక్క పాఠం పూర్తయిన శిష్యుడికి డోలు ఇస్తే గురువు పక్కన కూర్చుని జంటగా వాయించాలి. ఆ వేలితో ఎలా కూర్చుంటారు? అందుకే పోయినేడు వచ్చే ఏడు చూద్దామన్నారు, ఈ ఏడూ అదే అన్నారు. డ్రైవరు చెయ్యి ఇంకా కుదరలేదని నలుగురితోనూ చెప్పారు. అది పచ్చి అబద్ధమని ఆయనకి తెలుసు.

వాద్యబృందంలో ఆ దెబ్బ తప్పి ఉంటే పాతిక తలలు తిరిగేవి. ఇక్కడ ఒక్క తలా తిరగలేదు. తిరిగేంత చెవి ఎవరికుంది? కానీ తర్వాతి చుట్టులో సరిగ్గా ఆ చోటికి వచ్చేసరికి డ్రైవరు చెయ్యి ఆగింది. తన జవాబులోనూ ఆ దెబ్బ ఖాళీ వదిలాడు. ఆపై చుట్టులోనూ వదిలాడు. ఆ ఖాళీ మొదటి నుంచీ పాఠంలో ఉన్నదే అన్నట్టు, దాన్నీ ఒక దెబ్బలా చూసుకుంటూ వాయించాడు. మాస్టారు ఇక వాయించలేకపోయారు. చేతులు డోలు మీద పెట్టుకుని, డాక్టరమ్మ ఆపేదాకా అలాగే కూర్చున్నారు.

విరామంలో అందరూ మంచినీళ్ల కోసం ఎగబడ్డారు. బ్రోకరుగారు మాస్టారి భుజం తట్టి, "పరవాలేదండీ, రెండు మూడు వారాలు వస్తే చెయ్యి తిరుగుతుంది," అని ధైర్యం చెప్పి వెళ్లాడు. మాస్టారు వరండాలోకి వచ్చేసరికి డ్రైవరు అక్కడే నిలబడి ఉన్నాడు, టోపీ చేతిలో నలుపుతూ.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఇవాళ్టితో రెండో వారం మాస్టారూ."

"నాకు చెప్పలేదు."

"మీరు బాధపడతారని."

"ఈ మందలో నీకేం దొరికిందిరా? ఒక్కడికి లెక్క లేదు, ఒక్కడికి చెవి లేదు. మా అక్క బకెట్ వాయిస్తోంది. ఏం దొరికింది నీకిక్కడ?"

"డోలు దొరికింది," అన్నాడు డ్రైవరు.

మాస్టారు ఎద్దేవా చెయ్యడానికి నోరు తెరిచారు, వేరే మాట వచ్చింది. "నీ చెయ్యి కుదరలేదన్నది అబద్ధం. నిరుడే కుదిరింది. నీ పక్కన కూర్చుని వాయించాల్సి వస్తుందని ఇవ్వలేదు." ఎడమ చెయ్యి ముందుకు చాపారు. ఉంగరం వేలు తన పాటికి తను వణుకుతోంది. "ఇదీ సంగతి."

డ్రైవరు ఆ వేలి వంక చూడలేదు. "తెలుసు మాస్టారూ."

"ఏం తెలుసు?"

"చెక్క మీద చూపించేటప్పుడు ఆ వేలి దెబ్బలు మీరు వెయ్యడం మానేశారు, నోటితో చెప్పి దాటేసేవారు. నిరుడు నాకు అర్థమైంది. అందుకే డోలు అడగలేదు."

"నా మీద జాలా?"

"జాలి కాదు. మీరు ఇచ్చేదాకా ఆగుదామనుకున్నాను. ఆగలేకపోయాను, అంతే. ఇక రావద్దంటే రాను."

లోపల మళ్లీ మొదలైంది. మొదటి దెబ్బకే ఎనిమిది మంది ముందూ పదిమంది వెనకా పడ్డారు. డాక్టరమ్మ ఆహా అంది. మాస్టారు అలవాటుగా మొహం చిట్లించారు. ఇన్నేళ్లూ ఒకరి తప్పు వినపడగానే చెప్పకుండా ఉండలేని మనిషి, తన తప్పు ఒకటి ఏడాదికి పైగా ఎదుటివాడు మౌనంగా మోస్తుంటే ఎలా వినలేకపోయాడో ఆయనకి అర్థం కాలేదు. సిగ్గేసింది.

"రేపు ఆదివారమైనా సరే, ఆరింటికి రా," అన్నారు. "డోలు నువ్వు వాయించు. నేను పక్కన కూర్చుని నోటితో చెబుతాను. నూట పన్నెండూ పూర్తవ్వాలి."

డ్రైవరు తలూపి లోపలికి కదిలాడు.

"ఇంకో మాట. నేనెక్కడైనా తప్పితే ఇందాకటిలా కప్పిపుచ్చకు. ఆపి, నాతో చెప్పు."

డ్రైవరు గుమ్మంలో ఆగిపోయాడు. చెబుతానని అనడానికి వాడికి చాలాసేపు పట్టింది.