మేస్త్రి చెవి

స్క్రూడ్రైవరు కొనను నడుస్తున్న ఇంజను మీద ఆనించి, కర్ర పిడిని కుడి చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టి, మీరా మొహిద్దీన్ కళ్లు మూసుకున్నాడు. మూరెడు పొడవుంటుంది ఆ స్క్రూడ్రైవరు. ముప్పై ఎనిమిదేళ్లు చెవికి రాసుకుని రాసుకుని పిడి ఒకవైపు అరిగిపోయి, చింతగింజలాగా నునుపెక్కింది. జువ్వలదిన్నె రేవులో ఏ బోటు ఇంజనుకు జబ్బు చేసినా మొహిద్దీన్ ముందు పానా పట్టడు. నాడి చూసినట్టు ముందు వింటాడు.

ఈ పొద్దు కూడా విన్నాడు. ఏమీ వినపడలేదు.

రెండేళ్లయింది ఆ చెవి పోయి. ఎముకలో అదురు తెలుస్తుంది, అంతే. మనిషి ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడితే ఎడమ చెవికి అందుతుంది. ఇంజను లోపలి సన్న చప్పుళ్లు దానికీ అందవు.

పక్కన భానుప్రియ ఒక చేత్తో టార్చి పట్టుకుని, రెండో అరచేయి ఇంజను మీద పెట్టి నిలబడి ఉంది. ఆ చేతి చూపుడువేలు ఇనుము మీద రెండుసార్లు తట్టింది. ఆ తట్లు పిడిలోంచి అతని ఎముకకు తెలిశాయి.

"నాజిల్," అన్నాడు మొహిద్దీన్ కళ్లు తెరిచి. "ఆపి విప్పు పాపా."

ఒక తట్టు అయితే వాల్వు. రెండయితే నాజిల్. మూడయితే బేరింగు. ఇట్లా చేయమని అతను అడగలేదు, చేస్తానని ఆమె చెప్పలేదు. ఒకరోజు అతను పిడి చెవికి పెట్టుకుని ఎంతకీ తీయకపోతే ఆమె వేలు దానంతటదే కదిలింది. ఆ రోజునుంచి అదే వాడుక. రేవంతా ఇంకా మేస్త్రి చెవినే పొగుడుతోంది.

నాజిల్ విప్పి కిరసనాయిలు పళ్లెంలో వేస్తూ భానుప్రియ అతని ఎదురుగా వచ్చి కూర్చుంది. ఇరవై రెండేళ్ల పిల్ల. గోళ్లలో నల్లటి గ్రీజు.

"మామా, లేబర్ ఆఫీసులో జీతం కోసం అర్జీ పెట్టినా. ఈ పొద్దు వస్తారంట. నీకు చెప్పకుండా ఎట్లా ఉంటా?"

"ఏం రాసినావు?"

"నాకు పని వచ్చునని రాసినా." నాజిల్ గుడ్డతో తుడిచింది. "నీ సంగతి రాయలా."

మొహిద్దీన్ పళ్లెం తనవైపు లాక్కున్నాడు.

కావలిలో ఐటీఐ చదివి మూడేళ్ల కిందట వచ్చింది ఈ పిల్ల. షెడ్డు ఓనరు నరేంద్రబాబు ఏడాది నేర్చుకొమ్మన్నాడు, తర్వాత జీతమన్నాడు. ఏడాది నిండబోతుండగా కొత్త కాగితం తెచ్చాడు. పని పూర్తిగా రాలేదు, మళ్లీ నేర్చుకోవడానికి చేరింది అని అందులో రాసుంది. కింద మేస్త్రి సంతకం కావాలి. మొహిద్దీన్ పెట్టాడు. అందులో తప్పేమీ తోచలేదు అప్పుడు. తాను పని నేర్పిన ఉస్తాద్ కింద ఏడేళ్లు చేశాడు. శుక్రవారం టీ డబ్బులు, రంజానుకు ఒక చొక్కా. కూలి అడగవచ్చని కూడా తెలియదు. కడుపు కాల్చుకుంటేనే పని వస్తుందని ఉస్తాద్ అనేవాడు. మొహిద్దీన్ దాన్ని నిజమనే నమ్మాడు.

రెండో ఏడు మళ్లీ కాగితం వచ్చింది. అప్పటికి చెవి పోయింది. ఏ కాగితం మీద పెడుతున్నాడో తెలిసే పెట్టాడు. నరేంద్రబాబు నవ్వుతూ అన్న మాట ఒకటుంది. "ఈ షెడ్డుకి ఒక మేస్త్రి జీతమే మేస్త్రీ. ఆ పిల్ల మేస్త్రి అయితే ఇంక నువ్వెందుకు?" ఇంట్లో భార్య సైదాబీ కాలి పుండుకు వారానికి రెండు కట్లు మార్చాలి. ఆ మాట నరేంద్రబాబుకు తెలుసు.

మధ్యాహ్నం క్యారేజి విప్పాడు. నెత్తళ్ల చేపల వేపుడు, అన్నం. నాలుగు ముద్దలు తిని మూత పెట్టేశాడు. నరేంద్రబాబు వచ్చి ఎదురుగా వంగాడు.

"ఆఫీసరు అడిగితే పిల్లకి ఇంకా పని రాలేదని చెప్పు. ఒక్క మాట. కాగితంలో ఉండేదేగా."

మొహిద్దీన్ తల ఊపాడు. ఆ ఊపుకు అర్థం ఏమిటో అతనికే తెలియదు.

రెండు గంటలప్పుడు ఆదెయ్య ఫైబరు బోటు ఇంజనును నలుగురు మోసుకొచ్చి స్టాండు మీద దించారు. ఆదెయ్య నోరు ఊరుకోదు. "ఏం మేస్త్రీ, మందేసినావా, మత్తేసినావా? స్టార్టు చేస్తే చాలు, ముసలోడి మాదిరి దగ్గుతుండాది!"

అతని వెనకే ఆఫీసరు వచ్చాడు. చెమటతో చొక్కా వీపుకు అంటుకుని ఉంది. కాగితాలు తిరగేసి మొహిద్దీన్‌కు చూపించాడు.

"ఈ సంతకం నీదేనా?"

"నాదే సార్."

"నేర్చుకునే గడువు ఒక ఏడాదే. ఆ తర్వాత పనివాళ్ల కింద లెక్క, ప్రభుత్వం పెట్టిన కనీస కూలి ఇయ్యాల. కానీ పని రాలేదు, మళ్లీ చేరిందని రెండుసార్లు నువ్వే సంతకం పెట్టినావు. ఇప్పుడేమంటావు?"

"ఆడపిల్ల గదా సార్," అన్నాడు నరేంద్రబాబు. "నిదానంగా నేర్చుకుంటుంది."

"మీ పంచాయితీ తర్వాత పెట్టుకోండి," ఆదెయ్య ఇంజను స్టార్టు చేసేశాడు. "పొద్దు గుంకే లోపల నేను వల వెయ్యాల. మేస్త్రీ, చూడు!"

భానుప్రియ టార్చి వెలిగించి, రెండో అరచేయి ఇంజను మీద పెట్టింది. మొహిద్దీన్ స్క్రూడ్రైవరు ఆనించి కళ్లు మూశాడు. ఎప్పటిలాగే లోపల నిశ్శబ్దం. ఈసారి తట్టదు అనుకున్నాడు. తట్టకపోతే తనకు వినపడదని అందరికీ తెలిసిపోతుంది. ఆ పిల్ల ఒక్క మాట అనక్కర్లేదు, చెయ్యి తీసేస్తే చాలు.

వేలు కదిలింది. ఒక్కసారి.

"వాల్వు," అన్నాడు.

"విన్నారా సార్!" ఆదెయ్య తొడ చరిచాడు. "అదీ మా మేస్త్రి చెవి!"

"ఈ చెవి ఆ పిల్లకి ఏడు జన్మలకైనా వస్తుందా సార్?" అన్నాడు నరేంద్రబాబు.

భానుప్రియ టార్చి ఆర్పింది.

మొహిద్దీన్ స్క్రూడ్రైవరును ఇంజనుకు ఆనించి వదిలేశాడు. ఆదెయ్యకు సైగ చేసి ఇంజను ఆపించాడు.

"సార్," అన్నాడు. "నాకు వినపడదు. రెండేళ్లయింది. ఆ పిల్ల చెయ్యి పెట్టి చెప్తే నేను అంటుండా. నాకు నేర్పించేది ఆ పిల్లే. ఆ కాగితాలు అబద్ధం. సంతకం నేనే పెట్టినా."

ఆఫీసరు రాసుకున్నాడు. చెప్పింది చెప్పినట్టు రాశానని గట్టిగా చదివి వినిపించాడు. మొహిద్దీన్ మూడో తరగతి అక్షరాలతో, నిదానంగా, కింద పేరు పెట్టాడు.

ఆఫీసరు వెళ్లాక నరేంద్రబాబు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. కోపంగా లేడు. "నీ నోటితో నువ్వే చెప్పుకుంటివి మేస్త్రీ. ఇంక ఇంటి పట్టున ఉండు." ఆ మాట మాత్రం ఎడమ చెవికి బాగానే అందింది.

మొహిద్దీన్ కిరసనాయిలుతో ఒకసారి, సబ్బుతో ఒకసారి చేతులు కడుక్కున్నాడు. గోళ్లు చూసుకున్నాడు. వాటిలో నలుపు ఇంక పోదు. క్యారేజి సంచి భుజాన వేసుకున్నాడు. భానుప్రియ ఇంజను మీద వంగి వాల్వు సందు సరిచేస్తోంది. చెప్పి పోదామని ఒక నిమిషం నిలబడ్డాడు. పని మీదున్న మేస్త్రిని పిలవకూడదని ఉస్తాద్ చెప్పిన మాట. పిలవకుండానే రోడ్డెక్కాడు.

ఆమె మూత బిగించి స్టార్టు చేసింది. దగ్గు లేదు. ఇంజను తేటగా పలికింది. "మామా, విను!" అంటూ తల తిప్పింది.

అతను అప్పటికే ఐసు ఫ్యాక్టరీ దాటాడు.

"మామా!"

వలలు బాగుచేసుకునేవాళ్లు తలెత్తి చూశారు. చేపల గంపతో పోతున్న ఒకామె ఆగి వెనక్కి తిరిగింది.

"మొహిద్దీన్ మామా!"

అతను తిరగలేదు. ఉప్పుగాలికి చొక్కా కొట్టుకుంటూ అట్లాగే నడిచిపోయాడు.

షెడ్డులో, నడుస్తున్న ఇంజనుకు ఆనించి వదిలేసిన స్క్రూడ్రైవరు అరిగిన పిడి సన్నగా అదురుతూనే ఉంది.